చేరువలోని శాస్త్రవేత్త
(డాక్టర్ యల్లాప్రగడ సుబ్బారావు స్మారక ఉపన్యాసం)

 నేను మాట్లాడేది పెద్దలతోనే అయినా మాటలన్నీ పిల్లల గురించే. కాబట్టి వెనక వరసల్లో ఉన్న విద్యార్థులు ముందుకొచ్చి కూర్చోండి. ఖాళీ కుర్చీలున్నాయి.

సుబ్బారావుగారు 1895 జనవరి 12న ఈ భీమవరంలోనే పుట్టారు. 1948 ఆగస్టులో అమెరికాలో కన్నుమూశారు. 53 ఏళ్లకే ముగిసిన జీవితం అది. ఆ కొద్ది కాలంలో చేసిన పని చూడండి. శరీర ద్రవాల్లో భాస్వరం ఎంతుందో రంగును బట్టి కొలిచే పద్ధతిని సైరస్ ఫిస్క్‌తో కలిసి 1925లో ప్రచురించారు. కండరానికి శక్తి నిల్వగా ఉండే ఫాస్ఫోక్రియాటిన్‌ను 1927లో, జీవకణాల శక్తికి ఆధారమైన ఏటీపీని 1929లో ఆ ఇద్దరూ లోకానికి చూపించారు. 1940లో ఆయన లెడర్లీ పరిశోధనాలయానికి మారారు. అక్కడ ఆయన నడిపించిన బృందాలు ఫోలిక్ ఆమ్లాన్ని ప్రయోగశాలలో తయారుచేశాయి. బోదకాలుకు డైఇథైల్‌కార్బమజీన్‌ను మందుగా నిలబెట్టాయి. రక్తకేన్సర్ పిల్లల మీద సిడ్నీ ఫార్బర్ ప్రయోగించిన అమినోప్టెరిన్, దాని తోబుట్టువైన మెథోట్రెక్సేట్ ఆ పనిలోంచి వచ్చినవే. బెంజమిన్ డగ్గర్ కనిపెట్టిన ఆరియోమైసిన్ అనే యాంటీబయాటిక్ కూడా సుబ్బారావుగారు పరిశోధనకు సారథ్యం వహించిన ఆ రోజుల్లోనే వచ్చింది.

పిల్లలూ, మిమ్మల్ని ఒక ప్రశ్న అడుగుతాను. బడిలో వారానికోసారి నీలం రంగు ఐరన్ మాత్ర మింగినవాళ్లు ఎంతమంది? చాలా చేతులే లేచాయి. ఆ మాత్రలో ఇనుముతో పాటు ఉన్నది ఫోలిక్ ఆమ్లం. బోదకాలు రాకుండా ఆరోగ్య కార్యకర్తలు ఇంటికి తెచ్చి ఎదురుగా నిలబడి మింగించే డీఈసీ మాత్ర ఎంతమందికి తెలుసు? అది డైఇథైల్‌కార్బమజీనే. మీ ఊరివాడి పని మీ ఒంట్లోకి వెళ్లింది. అయినా ఆ మాత్ర వేసుకున్న రోజున ఎవరూ మీకు ఆ సంగతి చెప్పి ఉండరు.

ఈ సాయంత్రం నేను నిలబెట్టదలచిన వాదం అక్కడే మొదలవుతుంది. శాస్త్రవేత్తను ఎంత ఎత్తులో చూపిస్తే పిల్లలకు అంత స్ఫూర్తి కలుగుతుందని మనం నమ్ముతూ వచ్చాం. కానీ పిల్లల్ని కదిలించేది చేరువ. తమలాంటి మనిషి, తమకు అర్థమయ్యే పనిచేస్తూ, తాము కూడా నడవగల దారిలో కనిపిస్తేనే సైన్సు వాళ్లకు తమదవుతుంది. ఈ మాటను మెట్టు మెట్టుగా మీ ముందు పెడతాను.

1. పిల్లలు గీసే బొమ్మ

శాస్త్రవేత్త అనగానే పిల్లల మనసులో ఎవరు మెదులుతారన్న ప్రశ్నను పరిశోధకులు అరవై ఏళ్లకు పైగా అడుగుతున్నారు. 1957లో మానవశాస్త్రవేత్త మార్గరెట్ మీడ్, రోడా మెట్రో కలిసి అమెరికా హైస్కూలు విద్యార్థులు రాసిన సుమారు 35 వేల వ్యాసాలను ఆధారం చేసుకుని ఒక అధ్యయనం ప్రచురించారు. ఆ రాతల్లో తేలిన మనిషి తెల్లకోటు వేసుకున్న, కళ్లజోడు పెట్టుకున్న మగవాడు. నడివయసు దాటినవాడు. ప్రయోగశాలలో ఒంటరిగా గడిపేవాడు. ఆయన గొప్పవాడని పిల్లలు ఒప్పుకున్నారు, ఆయన పని దేశానికి అవసరమనీ రాశారు. కానీ తమ సంగతికొచ్చేసరికి చాలామంది ఆ బతుకు వద్దనుకున్నారు. గౌరవం ఉంది, చేరాలన్న కోరిక లేదు. ఈ రెండూ వేరువేరన్న సంగతి దయచేసి గుర్తుంచుకోండి. మళ్లీ మళ్లీ ఇక్కడికే వస్తాం.

1983లో డేవిడ్ చేంబర్స్ మరో పని చేశారు. రాయడం సరిగా రాని చిన్నపిల్లలకు కాగితమిచ్చి ‘శాస్త్రవేత్త బొమ్మ గీయండి’ అన్నారు. 11 ఏళ్ల పాటు సేకరించిన 4,807 బొమ్మల్లో స్త్రీలు ఉన్నవి 28. ఆ 28 కూడా గీసింది అమ్మాయిలే. అబ్బాయిల్లో ఒక్కరి చేతి నుంచీ స్త్రీ శాస్త్రవేత్త బొమ్మ రాలేదు. చిన్న తరగతుల్లో ఈ మూస అంతగా కనబడలేదు. తరగతులు పెరిగేకొద్దీ తెల్లకోటు, కళ్లజోడు, గడ్డం బొమ్మల్లోకి వచ్చి చేరాయి. అంటే పిల్లలు దాన్ని పుట్టుకతో తెచ్చుకోలేదు, మన దగ్గర నేర్చుకున్నారు.

2018లో డేవిడ్ మిల్లర్ బృందం అమెరికాలో ఐదు దశాబ్దాలుగా జరిగిన 78 అధ్యయనాలను కలిపి చూసింది. అవన్నీ కలిసి 20 వేలకు పైగా పిల్లల బొమ్మలు. మొదట్లో నూటికి ఒకటి కూడా లేని స్త్రీ శాస్త్రవేత్తల వాటా, తరువాతి దశాబ్దాల అధ్యయనాల్లో సగటున 28 శాతానికి చేరింది. ఆ దేశంలో ల్యాబుల్లోకి, పుస్తకాల్లోకి, టీవీల్లోకి స్త్రీ శాస్త్రవేత్తలు వచ్చేకొద్దీ బొమ్మలూ మారాయి. ఇది మనకు ధైర్యమిచ్చే సంగతి. అదే అధ్యయనంలో బాధపెట్టే సంగతి కూడా ఉంది. ఐదారేళ్ల పిల్లలు ఆడ, మగ శాస్త్రవేత్తలను ఇంచుమించు సమానంగా గీశారు. 14, 15 ఏళ్లు వచ్చేసరికి ఒక స్త్రీకి నలుగురు పురుషులయ్యారు. మన దగ్గర పదో తరగతి, ఇంటర్ గ్రూపు ఎంచుకునే వయసు సరిగ్గా అదే.

2. మనం చూపిస్తున్న మనుషులు

మరి మన పిల్లలకు మనం ఎవర్ని చూపిస్తున్నాం? బడి గోడ మీద వరసగా పటాలుంటాయి: రామన్, బోస్, రామానుజన్, కలాం. రామన్ ఫలితం ప్రకటించిన 1928 ఫిబ్రవరి 28కి గుర్తుగా 1987 నుంచి జాతీయ విజ్ఞాన దినోత్సవం జరుపుకుంటున్నాం. ఆ రోజు పటాలకు దండలు వేస్తాం. పిల్లలు పుట్టిన తేదీ, పొందిన బిరుదులు అప్పజెబుతారు. క్విజ్ పెడతాం, బహుమతులిస్తాం. ఆ మనిషి పొద్దున్న లేచి ఏం చేసేవాడో, ఏ ప్రశ్న ఆయనను నిద్రపోనివ్వలేదో ఒక్కరూ చెప్పరు. రామన్ పదేళ్ల పాటు ప్రభుత్వ ఆర్థిక శాఖలో ఉద్యోగం చేస్తూ, కలకత్తాలో ఆఫీసు వేళలకు ముందూ తరువాతా ప్రయోగశాలకు వెళ్లి పనిచేశాడని చెబితే, ఇంట్లో ‘ముందు ఉద్యోగం చూసుకో’ అన్న మాట వింటున్న ఏ కుర్రాడికైనా చెవులు నిక్కబొడుచుకుంటాయి. ఆయన చిన్నతనం విశాఖపట్నంలో గడిచిందనీ, తండ్రి అక్కడి ఏవీఎన్ కళాశాలలో పాఠాలు చెప్పారనీ అంటే మన కోస్తా పిల్లలకు ఆయన ఇంకాస్త దగ్గరవుతారు.

పటాల తరువాత ఫ్లెక్సీలు. ఏటా ఫలితాలు రాగానే పత్రికల మొదటి పేజీల్లో, బస్టాండు ఎదుట, ఫ్లైఓవర్ల మీద పిల్లల ఫొటోలు వస్తాయి. ఒక్కో ఫొటో కింద ఒక ర్యాంకు. మన రాష్ట్రాల్లో చదువుకునే పిల్లలు రోజూ చూసే ఆదర్శాలు ఇవే. ఆ పిల్లల కష్టం మీద నాకు ఎనలేని గౌరవముంది. అయితే ఆ ప్రకటన పిల్లలకు చెబుతున్నదేమిటో ఆలోచించండి. చదువంటే ఒక పరీక్ష, దాని చివర ఒక అంకె అని చెబుతోంది. ఆ ర్యాంకరు నాలుగేళ్ల తరువాత ఏం చేశాడు, దేన్ని ప్రేమించాడు అన్నది ఏ ఫ్లెక్సీ మీదా ఉండదు. ఫిజిక్సు, కెమిస్ట్రీ, బయాలజీ ర్యాంకుకు దారులే తప్ప వాటికవి గమ్యాలు కావని పదహారేళ్లకే పిల్లల మనసుల్లో పడిపోతుంది.

ఇక ఇంట్లో కనిపించే ఆదర్శం ఉంది. సంక్రాంతికి వచ్చే పెద్దమ్మ కొడుకు హైటెక్ సిటీలో పనిచేస్తాడు, పిన్ని కూతురు డల్లాస్‌లో ఉంటుంది. ఏ కాలేజీలో చేరాలి, ఏ కోర్సు నేర్చుకోవాలి, మొదటి జీతం ఎంత, వీసా ఎలా వస్తుంది – పిల్లలు వాళ్లను అడిగి తెలుసుకుంటారు. అలా అడిగే పిల్లవాణ్ణి డబ్బు మనిషి అని నిందించడం అన్యాయం. వాడు తెలివిగా ఆలోచిస్తున్నాడు. తనకు కనిపించే దారిని ఎంచుకుంటున్నాడు. సైన్సు వైపు అలాంటి పెద్దమ్మ కొడుకు, పిన్ని కూతురు వాడికి లేరు. అసలు లోటు అక్కడుంది.

3. గొప్పతనం ఎప్పుడు కుంగదీస్తుంది

ఇప్పుడు నా వాదంలో కీలకమైన మెట్టు. గొప్పవాళ్లను చూపిస్తే ఉత్సాహం రాదా? వస్తుంది, కానీ ఒక షరతు ఉంది. పెనెలోపి లాక్‌వుడ్, జివా కుందా అనే మనస్తత్వ శాస్త్రవేత్తలు 1997లో దాన్ని స్పష్టంగా చూపించారు. అకౌంటింగ్ చదివే విద్యార్థులకు అదే కోర్సు చివరి సంవత్సరంలో ఉన్న ఒక అద్భుతమైన విద్యార్థి గురించి చదివించారు. మొదటి సంవత్సరం వాళ్లకు ఉత్సాహం పెరిగింది. చివరి సంవత్సరం వాళ్లకు అలాంటి ఊపు రాలేదు. తేడా ఎక్కడుంది? మొదటి ఏడాది వాళ్లకు ఇంకా సమయముంది, ‘నేనూ అలా కావచ్చు’ అనుకోగలరు. చివరి ఏడాది వాళ్లకు ఆ అవకాశం దాటిపోయింది. తాను చేరుకోగలనన్న నమ్మకం ఉన్నప్పుడే ఎదుటివాడి విజయం స్ఫూర్తి అవుతుంది. ఆ నమ్మకం లేని చోట అదే విజయం ‘నావల్ల ఎక్కడవుతుంది’ అనిపిస్తుంది.

దీనికి మందేమిటి? 2016లో షియావ్‌డాంగ్ లిన్-సీగ్లర్ బృందం న్యూయార్క్‌లోని పేద కుటుంబాల పిల్లలు చదివే హైస్కూళ్లలో 402 మంది మీద ఒక ప్రయోగం చేసింది. అందరికీ ఐన్‌స్టీన్, మేరీ క్యూరీ, ఫారడేల కథలే ఇచ్చారు. కొందరికి వాళ్లు సాధించిన విజయాల జాబితా ఇచ్చారు. కొందరికి ప్రయోగాలు విఫలమై వాళ్లు మళ్లీ మొదలుపెట్టిన తీరు చెప్పారు. మరికొందరికి బతుకులో వాళ్లు పడిన కష్టాలు చెప్పారు. కష్టాల కథలు, వైఫల్యాల కథలు చదివిన పిల్లల సైన్సు మార్కులు మెరుగుపడ్డాయి. అందులోనూ అంతకుముందు మార్కులు తక్కువ వచ్చేవాళ్లకే ఎక్కువ మేలు జరిగింది. విజయాల జాబితా చదివినవాళ్లకు ఆ మేలు జరగలేదు. ఉపాధ్యాయ మిత్రులారా, మనం విజ్ఞాన దినోత్సవం నాడు పిల్లల చేత చదివిస్తున్నది ఆ విజయాల జాబితా పాఠమే.

సుబ్బారావుగారి కథనే తీసుకోండి. సభల్లో మనం చెప్పుకునే తీరు ఒకటుంది: అపర ధన్వంతరి, మహామేధావి, నోబెల్ రావాల్సినవాడు, లోకం గుర్తించలేదు. ఇది విన్న పిల్లవాడు ఆయనకు దణ్ణం పెడతాడు. పైగా ఇంత మేధావికే గుర్తింపు రాకపోతే నాకేం వస్తుందని కూడా అనుకుంటాడు.

అదే జీవితాన్ని ఇంకోలా చెప్పవచ్చు, ప్రతి ముక్కా నిజమే. చదువు మీద మనసు లేక, కాశీలో యాత్రికులకు అరటిపళ్లు అమ్మి డబ్బు సంపాదించాలని చిన్నతనంలో ఇల్లు విడిచి బయల్దేరిన పిల్లవాడు ఆయన. మెట్రిక్యులేషన్ మూడో ప్రయత్నంలో గట్టెక్కాడు. మద్రాసు వైద్య కళాశాలలో ఖద్దరు కట్టి దొరల ఆగ్రహానికి గురై, ఎంబీబీఎస్‌కు బదులు తక్కువ స్థాయి ఎల్‌ఎమ్‌ఎస్ పట్టాతో బయటికొచ్చాడు. అన్నదమ్ములను స్ప్రూ అనే పేగుల జబ్బుకు పోగొట్టుకున్నాడు. అమెరికా వెళ్లి ఆస్పత్రిలో కూలిపని లాంటి ఉద్యోగం చేస్తూ చదువుకున్నాడు. ఫాస్ఫోక్రియాటిన్ ఎలా దొరికిందో తెలుసా? కండరం నుంచి తీసిన ద్రవంలో, భాస్వరాన్ని కొలిచేటప్పుడు రావాల్సిన నీలం రంగు ఉండాల్సినంత వేగంగా తేలలేదు. మరొకరైతే కెమికల్స్ బాగాలేవని పారబోసి మళ్లీ మొదలుపెట్టేవాళ్లు. ఆ ఇద్దరూ ‘ఎందుకు ఆలస్యమైంది’ అని పట్టుకున్నారు. ఆ ఆలస్యం వెనక ఉన్న పదార్థమే ఫాస్ఫోక్రియాటిన్. ఫోలిక్ ఆమ్లం కూడా ఒక్కరి చేతి పని కాదు. 1930 ప్రాంతంలో లూసీ విల్స్ అనే ఆంగ్ల వైద్యురాలు బొంబాయిలో మిల్లు కార్మిక స్త్రీల రక్తహీనత మీద పనిచేస్తూ ఆ పదార్థపు జాడ పట్టింది. ఆ తరువాత ఎందరెందరో దాని వెంట నడిచారు. సుబ్బారావుగారి బృందంలోనే పదిమందికి పైగా రసాయన శాస్త్రవేత్తలున్నారు.

ఈ రెండో కథ విన్న పదో తరగతి పిల్లవాడికి మూడు సంగతులు తెలుస్తాయి. పరీక్ష తప్పడం జీవితం ముగియడం కాదు. అనుకున్న ఫలితం రాకపోవడమే ఒక్కోసారి అసలు ఫలితం. సైన్సు పదిమంది కలిసి చేసే పని. సుబ్బారావుగారి గొప్పతనం ఇందులో రవ్వంత కూడా తగ్గలేదు. పిల్లవాడు మాత్రం ఆయనకు ఒక అడుగు దగ్గరయ్యాడు.

4. అమ్మాయిల ముందు ఎవరున్నారు

కేంద్ర ప్రభుత్వ ఉన్నత విద్యా సర్వే ప్రకారం 2021–22లో దేశంలో సైన్సు కోర్సుల్లో ఉన్న 57.2 లక్షల మందిలో 29.8 లక్షల మంది అమ్మాయిలే. సగానికి పైగా! పరిశోధన రంగంలో పనిచేసేవాళ్లలో మాత్రం స్త్రీలు ఐదో వంతు కూడా లేరు. చదువుకునే చోట ఉన్నారు, పనిచేసే చోట లేరు. మధ్యలో ఏం జరుగుతోంది? పెళ్లి, పిల్లలు, బదిలీలు, ఇంటి నిర్ణయాలు, సంస్థల తీరు – కారణాలు చాలా ఉన్నాయి. వాటితో పాటు ఇంకోటి ఉంది: ఆ దారిలో తమకంటే ముందు నడిచిన స్త్రీని వాళ్లు చూడకపోవడం.

ముందు నడిచిన స్త్రీ కనిపిస్తే ఏమవుతుందో మన దేశంలోనే తేలింది. పశ్చిమ బెంగాల్‌లోని బీర్భూమ్ జిల్లాలో 495 గ్రామాలను పరిశీలించిన లోరీ బీమన్, ఎస్తేర్ డుఫ్లో బృందం 2012లో తన ఫలితాలు ప్రచురించింది. పంచాయతీ రిజర్వేషన్ వల్ల రెండు దఫాలు స్త్రీ సర్పంచి ఉన్న ఊళ్లలో, కూతురి భవిష్యత్తు మీద తల్లిదండ్రుల ఆశ కొడుకు మీదున్న ఆశకు దగ్గరగా వచ్చింది. అమ్మాయిలు తమ గురించి కనే కలలు పెరిగాయి, చదువులో అబ్బాయిలతో ఉన్న తేడా చెరిగిపోయింది. ఆ ఊళ్లలో అమ్మాయిల కోసం కొత్త కాలేజీ ఏదీ రాలేదు. అధికారంలో ఉన్న ఒక ఆడమనిషిని కళ్లారా చూశారు, అంతే.

సైన్సు విషయంలో ఫ్రాన్స్‌లో జరిగిన పరిశీలన ఇంకా నేరుగా మనకు పనికొస్తుంది. పారిస్ ప్రాంతంలో సుమారు వంద హైస్కూళ్లలో, సైన్సు రంగంలో పనిచేస్తున్న స్త్రీలు ఒక్కో తరగతికి ఒక్క గంట వెళ్లి మాట్లాడారు. టామా బ్రెడా బృందం ఆ ఫలితాలను విశ్లేషించింది. పదో తరగతి స్థాయిలో ఎంపికలు మారలేదు. ఆఖరి తరగతిలో మాత్రం, ముఖ్యంగా లెక్కల్లో ముందున్న అమ్మాయిల్లో, గట్టి పోటీ ఉండే సైన్సు కోర్సులు ఎంచుకున్నవాళ్లు పెరిగారు. ఏ మాటలు బాగా పనిచేశాయన్నది ఇందులో గమనించాల్సిన సంగతి. ‘సైన్సులో ఆడవాళ్లు ఎంత తక్కువో చూడండి’ అని నొక్కి చెప్పినవాళ్ల కంటే, తమ ఉద్యోగం ఎలా ఉంటుందో, అందులో ఆనందం ఏమిటో చెప్పినవాళ్ల మాట ఎక్కువ నాటుకుంది. అన్యాయం గురించి మాట్లాడొద్దని నేను అనడం లేదు. దాన్ని పెద్దలతో, ప్రభుత్వంతో, సంస్థలతో గట్టిగా మాట్లాడదాం. పద్నాలుగేళ్ల అమ్మాయికి మాత్రం ముందుగా ఆ పనిలోని సంతోషాన్ని చూపిద్దాం.

2014 సెప్టెంబరు 24న మంగళయాన్ అంగారక కక్ష్య చేరినప్పుడు, పట్టుచీరలు కట్టుకుని, తలలో పూలు పెట్టుకుని ఇస్రోలో సంబరం చేసుకుంటున్న స్త్రీల ఫొటో ప్రపంచమంతా తిరిగింది. వాళ్లు కార్యాలయ సిబ్బంది అని ఇస్రో తరువాత చెప్పింది. కానీ ఆ ప్రయోగంలో రీతూ కరిధాల్, నందినీ హరినాథ్ వంటి స్త్రీ శాస్త్రవేత్తలు నిజంగానే కీలక బాధ్యతల్లో ఉన్నారు. రీతూ లక్నోలో చదువుకునే రోజుల్లో అంతరిక్షం గురించి పత్రికల్లో వచ్చిన వార్తల్ని కత్తిరించి దాచుకునేవారట. ఒక్క ఫొటో తెల్లకోటు బొమ్మను ఎంతగా కదిలించిందో చూశాం. అయినా అంగారకుడు దూరం, బెంగళూరు కూడా మనకు దూరమే. దగ్గరకొద్దాం. హైదరాబాద్‌లోని జీవశాస్త్ర పరిశోధన సంస్థ సీసీఎంబీలో బ్యాక్టీరియా కణకవచం ఎలా పెరుగుతుందో కనిపెట్టినందుకు మంజులా రెడ్డిగారికి 2019లో ఇన్ఫోసిస్ బహుమతి వచ్చింది. ఈ సభలో బైపీసీ చదివే అమ్మాయిలు చాలామంది ఉన్నారు. ఆమె పేరు మీలో ఎంతమంది విన్నారో నేను అడగను. మీకు ఆ పేరు వినిపించాల్సిన బాధ్యత మాది.

ఆడపిల్లలకు చెప్పినదే దళిత, గిరిజన, పేద కుటుంబాల పిల్లలకూ వర్తిస్తుంది. మేఘనాద్ సాహా ఢాకా దగ్గర పల్లెలో చిన్న దుకాణదారు కొడుకు. అస్పృశ్యులుగా చూసిన కులంలో పుట్టాడు. కలకత్తా హాస్టల్లో తోటి విద్యార్థులు ఆయనతో కలిసి భోంచేయడానికి ఒప్పుకోలేదు. ఆ కుర్రాడు 1920లో రాసిన సమీకరణంతోనే ఈనాటికీ నక్షత్రాల వెలుగును చదువుతున్నారు. పాఠ్యపుస్తకంలో సాహా సమీకరణం ఉంటుంది, సాహా ఉండడు. అలాంటి ఇంటి నుంచి మొదటిసారి కాలేజీ మెట్లెక్కిన పిల్లకు సమీకరణం ఎంత అవసరమో సాహా అంత అవసరం.

5. దగ్గరి మెట్టు

చేరువ అన్నప్పుడు నా మనసులో ఉన్నది మేడ మెట్లు. పై అంతస్తు ఎంత అందంగా ఉన్నా, కాలు పెట్టడానికి మొదటి మెట్టు లేకపోతే ఎవరూ ఎక్కలేరు. మన పిల్లలకు పై అంతస్తు చూపిస్తున్నాం, మధ్య మెట్లు చూపించడం లేదు.

అబ్దుల్ కలాంగారు తన ఆత్మకథలో ఎవర్ని తలుచుకున్నారు? రామేశ్వరం బడిలో శివసుబ్రమణ్య అయ్యర్, రామనాథపురంలో ఇయదురై సాల్మన్ అనే ఉపాధ్యాయులను. వాళ్లలో అయ్యర్‌గారు పిల్లల్ని సముద్రతీరానికి తీసుకెళ్లి పక్షి ఎలా ఎగురుతుందో చూపించారు. దేశమంతటికీ ఆదర్శమైన మనిషికి తన ఆదర్శం తన ఊరి బడిలోనే దొరికింది.

మన ఊళ్లలోనూ అలాంటి మెట్లు ఉన్నాయి. ఇక్కడికి గంట ప్రయాణం కూడా లేని మారుటేరు వరి పరిశోధనా స్థానంలో పుట్టిన ‘స్వర్ణ’ వరి దేశంలో ఎన్ని రాష్ట్రాల్లో పండుతోందో రైతు కుటుంబాల పిల్లలకు తెలియాలి. మనం ఇష్టంగా తినే సాంబా మసూరి బాపట్లలో రూపొంది 1986లో విడుదలైంది. దానికి ఆకు ఎండు తెగులును తట్టుకునే శక్తిని సీసీఎంబీ, హైదరాబాద్ వరి పరిశోధనాలయం కలిసి చేర్చాయి. చేలో తెగులు చూసి తండ్రి పడే బాధ తెలిసిన పిల్లకు జన్యుశాస్త్రం పరాయిది కాదు. గాదంకిలో వాతావరణ పరిశోధనశాల ఉంది, తిరుపతిలో 2015 నుంచి సైన్సు విద్యా పరిశోధన సంస్థ ఐఐఎస్‌ఈఆర్ ఉంది, శ్రీహరికోట ఉంది. హైదరాబాద్‌లో జాతీయ పోషకాహార సంస్థ, రసాయన పరిశోధన సంస్థ ఐఐసీటీ, భూభౌతిక పరిశోధన సంస్థ ఎన్‌జీఆర్‌ఐ ఉన్నాయి. అక్కడ పనిచేసేవాళ్లలో మన బళ్లలో చదివినవాళ్లు తప్పకుండా ఉంటారు. వాళ్లను వెతికి పట్టుకోవడమే మన పని.

మెట్టు అంటే సమాచారం కూడా, డబ్బు లెక్కలతో సహా. తల్లిదండ్రులు శ్రద్ధగా వినండి. ప్లస్ టూ తరువాత మౌలిక సైన్సుల్లో డిగ్రీ చేరే ప్రతిభావంతులకు ఇన్‌స్పైర్ పథకం కింద ఏడాదికి 80 వేల రూపాయల స్కాలర్‌షిప్ ఉంది. ఐఐఎస్‌ఈఆర్‌లో ఐదేళ్ల కోర్సు ఉంది. జాతీయ స్థాయి పరీక్ష నెగ్గి పీహెచ్‌డీలో చేరితే జేఆర్‌ఎఫ్ కింద నెలకు 37 వేల రూపాయలు, ఇంటి అద్దె భత్యం అదనం. ఈ రేటు 2023 జనవరి నుంచి అమల్లో ఉంది. సాఫ్ట్‌వేర్ జీతంతో పోలిస్తే తక్కువే కావచ్చు. కానీ ‘సైన్సు చదివితే ఎవరు తిండి పెడతారు’ అన్న ప్రశ్నకు ఇది సమాధానం. ఈ సమాధానం పటంలోని మహనీయుడు చెప్పలేడు, ఇప్పుడు పీహెచ్‌డీ చేస్తున్న మన సీనియర్ చెప్పగలడు. పిల్లలకు నోబెల్ గ్రహీత కంటే ఆ సీనియరే ముందుగా అవసరం.

ఇక్కడ ఒక హద్దు కూడా చెప్పాలి. ఆదర్శం ఒక్కటే అన్నీ చేయలేదు. మన దేశం తన స్థూల ఉత్పత్తిలో పరిశోధనకు ఖర్చు పెడుతున్నది ఒక శాతం కూడా కాదు, 0.64 శాతం దగ్గర ఆగింది. బడిలో ల్యాబు తాళం వేసి ఉంచి, ఫెలోషిప్పులు నెలల తరబడి ఆలస్యం చేసి, పోస్టులు భర్తీ చేయకుండా ఉంచి, పిల్లలకు మాత్రం స్ఫూర్తి ఇస్తామంటే అది వాళ్లను మోసం చేయడమే. ఆశ కల్పించినవాళ్లు దారి కూడా తెరిచి ఉంచాలి.

6. మనం చేయగలిగినవి

ముగింపుగా ఈ సభకు నాలుగు విన్నపాలు.

ఉపాధ్యాయులకు: పాఠంలో శాస్త్రవేత్త పేరు వచ్చిన ప్రతిసారీ ఐదు నిమిషాలు ఆ మనిషికి ఇవ్వండి. ఏ ప్రశ్నతో మొదలుపెట్టాడు, ఎక్కడ దెబ్బతిన్నాడు, ఎవరు సాయం చేశారు, ఇవి చెప్పండి. కాలిఫోర్నియాలోని ఒక కమ్యూనిటీ కాలేజీలో జెఫ్ షిన్‌స్కీ బృందం, విద్యార్థులు రకరకాల నేపథ్యాల శాస్త్రవేత్తల గురించి చదివి తమ అభిప్రాయం రాసే చిన్న హోంవర్కును కోర్సులో భాగం చేసింది. మామూలు తరగతే అది. శాస్త్రవేత్తల గురించి విద్యార్థుల మూస అభిప్రాయాలు తగ్గాయి, ‘వీళ్లలో నాలాంటివాళ్లు ఉన్నారు’ అన్న భావన పెరిగింది. దీనికి కావాల్సిందల్లా తెలుగులో రాసిన రెండు పేజీల కథ. అలాంటివి రాయగల వాళ్లు ఈ సభలోనే ఉన్నారు.

కళాశాల యాజమాన్యానికి: ర్యాంకుల ఫ్లెక్సీ పక్కన ఇంకో బోర్డు పెట్టండి. ఇక్కడ చదివి పరిశోధనలో, వ్యవసాయ శాస్త్రంలో, వైద్య పరిశోధనలో, సైన్సు బోధనలో ఉన్నవాళ్ల పేరు, ఊరు, వాళ్లు ఇప్పుడు వెతుకుతున్న ప్రశ్న ఒక్క వాక్యంలో రాయండి. ఏటా వాళ్లలో ఒకరిని పిలిచి, వేదిక మీద కాకుండా తరగతి గదిలో పిల్లల మధ్య కూర్చోబెట్టండి.

శాస్త్రవేత్తలకు: మీ ఊరికి వచ్చినప్పుడు మీరు చదివిన బడికి ఒక గంట వెళ్లండి. బిరుదులు చెప్పొద్దు. తప్పిన ప్రయోగం గురించి, మొదటి స్టైపెండు గురించి, మీ ల్యాబులో టిఫిన్ వేళ ఏం మాట్లాడుకుంటారో దాని గురించి తెలుగులో చెప్పండి.

తల్లిదండ్రులకు: మీ పిల్ల ‘నాకు ఫిజిక్సు ఇష్టం’ అన్నప్పుడు ‘అది చదివి ఏం చేస్తావు’ అని వెంటనే అడక్కండి. ఆ ప్రశ్నకు జవాబు చెప్పగల మనిషి దగ్గరికి ఆ పిల్లను తీసుకెళ్లండి.

సుబ్బారావుగారు ఈ గడ్డ మీద పుట్టి, పరీక్ష తప్పి, మళ్లీ రాసి, లోకానికి పనికొచ్చారు. ఆయన పటానికి దండ వేయడం ఆపమని నేను అనను. వచ్చే ఏడాది ఇదే వేదిక మీద, ఆ పటం పక్కన, ఈ కళాశాలలో చదివి ఇప్పుడు పరిశోధన చేస్తున్న ఒక యువతినో యువకుడినో నిలబెట్టి పిల్లలతో మాట్లాడించండి. ఈ స్మారక ఉపన్యాస నిధిలో కొంత భాగం ఆ పనికి కేటాయించమని నిర్వాహకులను చేతులు జోడించి కోరుతున్నాను.